ముప్పై నాలుగో నంబరు సీటు

ప్రవల్లిక వేసుకున్న చున్నీ రంగేమిటో, ఆమెకు ఎన్నడూ ఎదురుపడని మనిషి ఒక కాగితం ముక్క మీద రాసిన రోజు నుంచి నాకు భయం పట్టుకుంది.

ప్రవల్లిక మా ఆడపడుచు కూతురు. ఊరు చీరాల. సివిల్స్ రాయాలని నాలుగేళ్ళ కిందట ఢిల్లీ వచ్చి లక్ష్మీ నగర్‌లో హాస్టల్లో ఉండేది. పోయిన ఏడాది జనవరిలో మా ఆయన ఆఫీసులో కుర్చీలో కూర్చునే పోయారు. పదకొండు గంటలకు ఫోను వచ్చింది. అప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. దినాలయ్యాక వచ్చినవాళ్ళంతా రైలెక్కారు. ప్రవల్లిక ఒక్కతే వెళ్ళకుండా, హాస్టల్ నుంచి సూట్‌కేసు, రెండు సంచుల పుస్తకాలు తెచ్చుకుని ఢిల్లీ అంచున ఇందిరాపురంలో మా ఇంట్లో దిగింది.

"హాస్టల్ తిండి పడటం లేదత్తయ్యా. మీరు వండిపెట్టాలి" అంది.

నాకు తోడుగా వచ్చానని అనలేదు. ఆ పిల్ల అటువంటిది. ఇచ్చేటప్పుడు కూడా తీసుకుంటున్నట్టే మాట్లాడుతుంది.

ఇరవై ఆరేళ్ళు. సన్నగా ఉంటుంది. కళ్ళజోడుకి ఒక పక్క నల్లదారం చుట్టి ఉంటుంది. పొద్దున ఐదున్నరకే పెరుగన్నం తిని, షేర్ ఆటోలో వైశాలి మెట్రోకి వెళ్ళి, అక్కడి నుంచి లక్ష్మీ నగర్ వెళ్తుంది. రెండుసార్లు పరీక్ష పోయింది. మూడోది ఈ మే నెలలో. ఆ సంగతి ఎవరైనా అడిగితే పోయిందని నోటితో చెప్పదు, రెండు వేళ్ళు చూపించి ఊరుకుంటుంది.

ఆమె వెళ్ళేది లైబ్రరీకి. అక్కడ లైబ్రరీ అంటే పుస్తకాలుండే చోటు కాదు, మన పుస్తకాలు పట్టుకెళ్ళి చదువుకునే చోటు. పెద్ద హాల్లో చెక్క పలకలతో గూళ్ళలా చేసి, గూటికొక నంబరూ దీపమూ పెడతారు. ఒక్కో సీటుకి ఇద్దరు. పొద్దున ఏడు నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఇంకొకరు. ముప్పై నాలుగో నంబరు సీటు పొద్దున ప్రవల్లికది. మధ్యాహ్నం తర్వాత అందులో కూర్చునే మనిషితో ఆమెకు ఆరు నెలలుగా యుద్ధం.

యుద్ధమంతా కాగితాల మీదే. గోడకి అంటించే పసుపు పచ్చ కాగితాలు. మొదటిది ఈమే ఇంగ్లీషులో రాసింది, బల్ల మీద టీ మరక చేయొద్దని. మర్నాడు జవాబు తెలుగులో ఉంది. "మీ టైంటేబుల్ తెలుగులో ఉన్నది కాబట్టి తెలుగులనే చెప్తున్న. మరక నాది గాదు. బల్ల మీది వెంట్రుకలు మాత్రం మీవే."

ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి నా ముందు పెట్టింది. మొహం ఎర్రగా ఉంది. "చూశారా, వాడి పొగరు?"

ఆ తర్వాత అతని కుర్చీ మెత్త ఈమె విసిరేసింది. ఈమె అంటించిన మ్యాపు అతను తలకిందులుగా అంటించాడు. ఒకసారి, మూడో ప్రయత్నం అని పేరు పెట్టుకున్న ఈమె టైంటేబుల్ మీద ఎర్ర సిరాతో రాశాడు. "పాలిటీకి రోజుకు గంటనేనా? మూడోసారి గూడ పోతది." ఆ రోజు అన్నం తినలేదు. ఏడ్చింది. మర్నాటి నుంచి ఆ పాలిటీకి, అదే రాజ్యాంగం చదువుకి, రెండు గంటలు పెట్టింది.

అక్కడిదాకా నాకు నవ్వులాటగానే ఉండేది. భోజనాలయ్యాక ఆమె ఫోనులో సీరియల్ కథలు చదివి వినిపించేది. నాకు ఏడో తరగతితో చదువు ఆగింది, అక్షరాలు పట్టి పట్టి చదువుతాను, వినడమే సుఖం. ఆ కథలన్నీ ఒకే తీరు. మొదటి భాగంలో వాడికీ ఆ పిల్లకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఐదో భాగంలో వాడు ఆమెను నలుగురిలో అవమానిస్తాడు. పన్నెండో భాగంలో వానలో ఇద్దరూ ఒకే చోట ఇరుక్కుంటారు. ఇరవైకల్లా వాడు మెత్తబడిపోతాడు.

"అన్నీ ఒకటే కదే, మళ్ళీ మళ్ళీ ఎందుకు చదువుతావు?" అన్నాను ఒకరోజు.

"మనల్ని ఇష్టపడేవాళ్ళు మనల్ని సరిగ్గా చూడరత్తయ్యా. మా అమ్మని అడగండి, నా అంత తెలివైన పిల్ల జిల్లాలో లేదంటుంది. పడనివాడు మాత్రం ఒక్క తప్పూ వదలడు. అంత శ్రద్ధగా చూసినవాడు ఆఖరికి మనమే కావాలంటే, ఇక దాచుకోవలసిందేమీ ఉండదు కదా."

ఆ మాట బాగానే ఉంది. వింటున్నప్పుడు నాకూ గుండె కొట్టుకునేది. కాని అది సర్కస్‌లో కింద వల కట్టిన భయం. వాడెంత అరిచినా ఇరవయ్యో భాగం ఉందని మనకు ముందే తెలుసు. బతుకులో ఆ ఇరవయ్యో భాగం ఉండకపోవచ్చని మా అక్క దుర్గాంబకి ఎవరూ చెప్పలేదు. మొగుడు మారతాడు, మారతాడు అని ముప్పై ఏళ్ళు చూసింది. చూస్తూనే పోయింది.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ప్రవల్లిక నవ్వుతూ వచ్చింది. చేతిలో కాగితం. "నీలం చున్నీ మంచిగున్నది. కాని ఏసీ కింద కూర్చుంటే దగ్గు తగ్గదు."

నా చేతిలో పప్పు గరిటె ఆగిపోయింది. "నువ్వు వాణ్ణి చూశావా?"

"లేదత్తయ్యా. నేను వెళ్ళాకే కదా వాడు వచ్చేది."

"మరి వాడికి నీ చున్నీ ఎలా కనపడింది? దగ్గు ఎలా వినపడింది?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి భుజాలెగరేసింది. నాలుగు రోజులకి ఇంకొకటి వచ్చింది. "మెట్రోల నిలబడి చదవకండ్రి. తల తిరుగుతది." ఆమెకు మెట్రోలో తల తిరిగిన మాట నిజమే. అది నాకొక్కదానికే చెప్పిందనుకున్నాను.

అంటే వాడు వెంట వస్తున్నాడు. ఏ బోగీలోనో, ఏ స్తంభం వెనకో నిలబడి చూస్తున్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. ఆమె వెళ్ళాక తలుపు గడియ మూడుసార్లు చూసేదాన్ని. బాల్కనీలోంచి ఆటో మలుపు తిరిగేదాకా చూసి, తిరిగాక ఆ నంబరు మర్చిపోతానేమోనని పాల కవరు మీద రాసుకునేదాన్ని. పదకొండు గంటలవుతుంటే అరచేతులు చల్లబడేవి. ఫోనును వంటింట్లోంచి తీసి హాల్లో పెట్టేదాన్ని, మోగితే వినపడదేమోనని మళ్ళీ తెచ్చుకునేదాన్ని. నా భయంలో సగం మా ఆయన పోవడమే అని నాకు తెలుసు. గడప దాటినవాళ్ళు తిరిగి రారని నా ఒంటికి అలవాటైపోయింది. కాని మిగతా సగం నిజమైన భయమే.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది వేరే. ప్రవల్లిక మళ్ళీ ఆ నీలం చున్నీయే వేసుకుంది.

"నీకు భయం వేయడం లేదా?" అని అడిగాను, ఆమె చెప్పులు వేసుకుంటుంటే.

"వేస్తోందత్తయ్యా" అంది, తల ఎత్తకుండా. "బాగుంది."

గురువారం ఆమెకు కోచింగులో పరీక్ష ఉంది, పన్నెండుకే లైబ్రరీ నుంచి వెళ్ళిపోతానంది. ఆ రోజు నేను బయలుదేరాను. మా ఆయన పోయాక ఒంటరిగా మెట్రో ఎక్కడం అదే మొదలు. ఎవరైనా నా వైపు చూస్తే వాడేనేమో అనిపించింది. లక్ష్మీ నగర్‌లో దిగి, రెండు సందులు తప్పిపోయి, మూడో అంతస్తు ఎక్కేసరికి రెండు కావడానికి పావుగంట ఉంది.

కౌంటరు దగ్గర గడ్డం ఉన్న అబ్బాయి లేచాడు. "జీ ఆంటీ?"

"చౌంతీస్ నంబర్" అన్నాను. "షామ్ వాలా." ముప్పై నాలుగు, సాయంత్రం మనిషి అని నా హిందీ.

అతను నన్ను ఒకసారి చూసి, రెండింటికి వస్తాడు, కూర్చోండి అంటూ బెంచీ చూపించాడు. "దో బజే. బైఠియే."

రెండు కొట్టగానే అందరూ ఒక్కసారి లేచారు. గూళ్ళు ఖాళీ అయ్యాయి, మళ్ళీ నిండాయి. కౌంటరు అబ్బాయి తాళంచెవులు ఇంకెవరికో ఇచ్చి, సంచీ తీసుకుని హాల్లోకి నడిచాడు. నడిచి నడిచి ముప్పై నాలుగో నంబరు దీపం వెలిగించి కూర్చున్నాడు.

రోజూ ఆమె ఎవరి ముందు నుంచి నడిచి వెళ్తోందో వాడే. అయినా వెళ్ళాను. అతని పక్కన నిలబడి నోరు తెరిచానో లేదో, వెనక సీటు కుర్రాడు ఉష్ అంటూ గోడ మీది బోర్డు చూపించాడు. మాట్లాడకూడదట.

బల్ల మీద ఆ పసుపు కాగితాలే ఉన్నాయి. ఒకటి లాక్కుని రాశాను. మా ఊరి బడి వదిలాక సంతకాలు, సరుకుల చీటీలు తప్ప నేను రాసింది లేదు. అక్షరాలు కాగితం పట్టకుండా వచ్చాయి. "నేను ప్రవల్లిక మేనమామ భార్యని. నువ్వు ఆ పిల్లని ఎట్లా చూస్తున్నావు. నాకు భయంగా ఉంది."

కలం కాగితం మీద టకటక కొట్టుకుంటోంది. అతను చదివాడు. తర్వాత నా మొహం వంక చూడలేదు, చేతి వంక చూశాడు. మెల్లగా కుర్చీ జరిపి, లేచి, పలకకి ఆనుకుని నిలబడ్డాడు, నాకు దారి విడిచి. ఇంకో కాగితం మీద రాశాడు. "బయట మెట్ల మీద మాట్లాడుదమా? మీకు ఇష్టమైతేనే."

అతనే ముందు వెళ్ళి నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడ్డాడు. నేను పైన ఉన్నాను. నా వెనక తలుపు తెరిచే ఉంది.

"నా పేరు శశిధర్ ఆంటీ. మాది జనగామ దిక్కు. పొద్దుగాల కౌంటర్ కాడ పని జేస్త, మాపటికి చదువుకుంట."

"నువ్వు తెలుగువాడివని ఆ పిల్లకి తెలుసా?"

"కాయితాల మీద తెలుసు. కౌంటర్ కాడ తెల్వదు. ఆర్నెల్ల సంది నాతోని హిందీలనే మాట్లాడ్తది. భయ్యా, ఏసీ కమ్ కరో. భయ్యా, వైఫై నహీ చల్ రహా. నేను గూడ హిందీలనే జెప్త."

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?"

అతను రెయిలింగ్ మీద పెచ్చు గోటితో గీకాడు. "సిగ్గయింది ఆంటీ. సీట్ల కూసునేటోడు తనలెక్కనే చదువుకునేటోడు అని కొట్లాడ్తది. కుర్చీలు తుడిచేటోడని తెలిస్తే కొట్లాడది. పాపం అంటది. నాకు గా జాలి వద్దనిపిచ్చింది."

"చున్నీ?"

"కౌంటర్ కాడ కెమెరాల టీవీ ఉంటది. అందరు కనవడ్తరు."

"మెట్రోలో తల తిరిగిన సంగతి?"

"కౌంటర్ ముంగట నిలబడి మీకే గద ఫోన్ జేసింది."

నిజమే. వచ్చేస్తున్నానత్తయ్యా, పొద్దున తల తిరిగింది, మజ్జిగ చేసి ఉంచండి అని చేసింది. నేను గాలి పీల్చుకున్నాను. వెంట రాలేదు. కాని నా భయం అంతటితో లేచి వెళ్ళిపోలేదు.

"ఆ పిల్లకి తెలియకుండా రోజూ టీవీలో చూశావు. తప్పనిపించలేదా?"

అతను మెట్ల మీంచి కిందికి చూశాడు. కింద సందులో ఎవరో సమోసాల వాణ్ణి పిలుస్తున్నారు.

"మీ చెయ్యి సూసేదాంక అనిపియ్యలే" అన్నాడు. "సీటు ఇడిశిపెట్టాల్నా ఆంటీ?"

"నాకు తెలియదు బాబూ. అది ఆ పిల్ల చెప్పాలి. ముందు నువ్వు చెప్పు. పేరు పెట్టి చెప్పు."

మర్నాడు పొద్దున పదింటికి బెల్లు మోగింది. పదింటికి మా ఇంటికి వచ్చేవాళ్ళెవరూ లేరు. తలుపు తీసేలోపల నేను ఎన్ని అనుకున్నానో. ప్రవల్లిక. చున్నీ మెడలో లేదు, పుస్తకాల సంచీలో ఉండచుట్టి ఉంది. పసుపు కాగితాలు మూడు నా చేతిలో పెట్టింది. అతను అంతా రాశాడు. ఏం చూశాడో, ఎక్కడి నుంచి చూశాడో, ఏం విన్నాడో. చివర పూర్తి పేరు రాశాడు. "రోజు మీరు భయ్యా అని పిలిచేది నన్నే."

"నేను ఆ గూట్లో ఏడ్చానత్తయ్యా. నిద్రపోయాను. జుట్టు విప్పి దువ్వుకున్నాను. ఎవరూ చూడరు కదా అని."

ఆమె పళ్ళు కొట్టుకుంటున్నాయి. మే నెల ఎండలో. కనపడనివాడు ఎవరైతేనేం, ఇన్నాళ్ళూ వాడికి ఆమె తనకు నచ్చిన మొహం పెట్టుకుంది. ఇప్పుడు వాడికి నిజంగా మొహం ఉంది. గడ్డం ఉంది. అది చూశాక ఆమెకు అసలు భయం తెలిసింది. నాకేమో చూశాక కాస్త తగ్గింది. మేమిద్దరం ఒకరి భయం ఒకరం మార్చుకున్నట్టయింది.

నాలుగు రోజులు లైబ్రరీకి వెళ్ళలేదు. పరీక్ష మూడు వారాలుంది. పుస్తకం తెరిచిన పేజీ తెరిచినట్టే ఉండేది. కరెంటు మీటరు చూసేవాడు బెల్లు కొడితే బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఫోనులో కథల జోలికి పోలేదు. ఇంకో లైబ్రరీ చూద్దామంటే తల అడ్డంగా ఊపింది. అక్కడ మాత్రం కెమెరాలుండవా అంది. చీరాల వెళ్ళిపోతానంది.

చీరాల వెళ్తే ఈసారి వేళ్ళు మూడు చూపించాలి. ఆ తర్వాత వాళ్ళ నాన్న మళ్ళీ పంపడు. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఐదో రోజు చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుని, ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. ఇన్నాళ్ళూ చెప్పకపోవడానికి కారణం ఉంది. చెబితే ఆ కథలకి నేనే సాక్ష్యం పలికినట్టవుతుందని భయపడ్డాను.

"మీ మావయ్యకి నేను ఇష్టం లేదు. చదువుకున్న పిల్ల కావాలన్నారట. పెళ్ళయి ఢిల్లీ తీసుకొచ్చాక ఎనిమిది నెలలు నాతో అరుపులే తప్ప మాటల్లేవు. సాయంత్రం స్కూటరు చప్పుడు వింటే వంటింట్లోకి పోయి నిలబడేదాన్ని."

"మావయ్యా?" అంది. ఆమెకు తెలిసిన మావయ్య చాక్లెట్లు జేబులో వేసుకుని తిరిగేవాడు.

"ఒకరోజు చారులో ఉప్పెక్కువైందని గట్టిగా అరిచారు. నా చేతిలో కంచం వణికి కింద పడింది. ఆయన కంచం చూడలేదు. నా చెయ్యి చూశారు. లేచి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి వీధి మలుపులోనే రెండుసార్లు హారన్ కొట్టేవారు. నేను ఉలిక్కిపడకుండా, వస్తున్నానని."

ప్రవల్లిక చిక్కుడుకాయ ఈనె తీయడం ఆపింది. "ఆ రోజే మీకు ఇష్టం కలిగిందా?"

"ఆ రోజా? ఆ రోజు ఇంకా భయం వేసింది, ఇదేం కొత్త వేషమో అని. ఒక్కరోజు హారన్ నీ కథల్లోవాడూ కొడతాడు. ఆయన మర్నాడూ కొట్టారు. వానలోనూ కొట్టారు, నా మీద కోపంగా ఉన్న రోజూ కొట్టారు. స్కూటరు అమ్మేశాక లిఫ్టు దిగి దగ్గేవారు. ఆఖరిదాకా." కాసేపు కాయలు ఒలిచాను. "మా దుర్గాంబక్క ఇంటాయన ఒక్కనాడూ హారన్ కొట్టలేదు. అందుకని నేను నీకేమీ చెప్పలేను. ఆ అబ్బాయి నా చెయ్యి చూసి దారి విడిచాడు. అంతవరకే నేను చూసింది. రేపు ఏం చేస్తాడో నాకు తెలియదు."

ఆమె మిగిలిన కాయలు తన వైపు లాక్కుంది. కాయలన్నీ అయ్యాక, "రేపు మీరు నాతో వస్తారా?" అంది.

వెళ్ళాం. మెట్లెక్కుతుంటే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగాయి. లోపల కౌంటరు మీది టీవీ గోడవైపు నుంచి గుమ్మం వైపు తిప్పి ఉంది. తలుపు తీయగానే మా బొమ్మలు మాకే కనిపించాయి, నేనూ ఆమె, ఒకరికొకరం అతుక్కుని. అతను లేచి నిలబడ్డాడు. బల్ల వంక చూస్తూ, "చౌంతీస్ ఖాళీ హై" అన్నాడు. "షామ్ కా భీ."

సాయంత్రం సీటు వదిలేశాడన్నమాట. ఎక్కడ కూర్చుంటున్నాడో చెప్పలేదు, మేం అడగలేదు.

ప్రవల్లిక అక్కడే నిలబడిపోయింది. నా మోచెయ్యి వదలలేదు. వెనక్కి తిరుగుతుందనుకున్నాను.

"ఏసీ తగ్గించండి" అంది తెలుగులో. "దగ్గు వస్తోంది."

"ఠీక్ హై" అన్నాడతను అలవాటు కొద్దీ. తర్వాత నాలుక కరుచుకున్నాడు.

"తెలుగు రాదా మీకు?"

"వస్తది."

"ఇకనుంచి నన్నేమైనా అనాలంటే ఇక్కడే అనండి. నా మొహం మీద. ఆ టీవీ ఇటు తిప్పే ఉండాలి."

"ఉంటది" అన్నాడు.

ఆమె నా చెయ్యి వదిలి గూటికి వెళ్ళింది. నేను మెట్లు దిగాను. ఒక్కో మెట్టుకీ వెనక్కి చూశాను. మెట్రోలో ఆడవాళ్ళ బోగీలో కూర్చుని, తప్పు చేశానేమో, ఆ తలుపు దాకా నేనే తీసుకెళ్ళి వదిలానేమో అనుకుంటూనే ఉన్నాను. ఇంటికొచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టలేక అలాగే ఉంచాను.

మూడు కావస్తుండగా ఫోను మోగింది. చేతిలో గ్లాసు సింకులో పడింది.

"అత్తయ్యా, కింద లిఫ్టు దగ్గరున్నాను. ఇప్పుడు వచ్చి బెల్లు కొడతాను, ఉలిక్కిపడకండి. అన్నం అయిందా? పాలిటీకి రెండు గంటలు గూడ చాలవంటాడు, మొహం మీదే అన్నాడు. వాడి పొగరు చూడండి."

అన్నం అవలేదని చెప్పాను. పొయ్యి వెలిగించి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.